శకటుకు అడ్డొచ్చిన బంటు

పాడుబడ్డ కోటలో చచ్చిపోయిన దొర మిట్టమధ్యాహ్నం చదరంగం ఆడేవాడు. ఓడినవాళ్ళు అతని బంట్లయిపోయేవారు. దొర తన చేత్తో బల్ల దింపితేనే మళ్ళీ మనుషులు.

మొగుడు పోలయ్యను విడిపించుకోవాలని సన్నెమ్మ ఆటకు కూర్చుంది. దొర శకటు మూలన నక్కి, ఏటవాలు గళ్ళ పొడవునా ఆమె రాజు మీదే కన్నేసింది. ఆమె ఒక బంటును ఎరగా వేసింది. పోలయ్య ముఖమున్న బంటుతో దొర దాన్ని కొట్టాడు. ఆ బంటు వచ్చి శకటు దారికే అడ్డం పడింది. ముందుకు జరక్కుండా సన్నెమ్మ దానికెదురుగా గుర్రాన్ని నిలిపింది.

"అడ్డు తప్పుకోరా!" బంటు మీద అరిచిన దొర కంటిగుంటల్లో నిప్పులు రేగాయి.

"మీ మనిషేగా దొరా," అంది సన్నెమ్మ.

దొర బంటును విసిరికొట్టాడు. నేల తగలగానే పోలయ్య దగ్గుతూ లేచాడు.

"ఇక నీ రాజు చచ్చాడు!" అన్నాడు దొర సన్నెమ్మతో.

"మీ బంటును మీరే తీసేశాక ఆటెక్కడిది దొరా? రాజును మీరే ఉంచుకోండి. నేనొచ్చింది బంటు కోసం."

వాళ్ళు గడప దాటుతుంటే, బల్ల మీది బంట్లన్నీ తలలు తిప్పి చూశాయి.