ఏనుగు ముందు కొత్త కెమెరా

పలమనేరులో మందుల షాపు నడుపుకునే మునిశేఖర్ పిట్టల ఫొటోలు బాగానే తీసేవాడు గాని, ఎవరు ఏది అడిగినా, తెలిసినా తెలియకపోయినా, టక్కున జవాబు చెప్పేసే జబ్బు ఒకటి అతనికి ఉండేది.

మందుల దగ్గర మాత్రం డాక్టరు రాసిన చీటీ చూసి ఇచ్చేవాడు కనుక ఎవరికీ ప్రమాదం రాలేదు. మిగతా విషయాల్లో అతని నోటికి అడ్డు ఉండేది కాదు. తాను ఎన్నడూ వెళ్లని ఊళ్లకు కూడా దారి చెప్పేవాడు. ఒకసారి పెళ్లివారి బస్సు అతని మాట నమ్మి వెళ్లి, ముహూర్తం వేళకు వేరే ఊళ్లో తేలింది. ఊరంతా నవ్వుకున్నారు. మునిశేఖర్ కూడా నవ్వేశాడు. నవ్వుతో పోయింది కాబట్టి ఆ జబ్బు కుదరలేదు.

అతని దగ్గర పదేళ్లుగా ఒక చిన్న కెమెరా ఉండేది. దాని మీద ఒక చక్రం, చక్రం మీద ఒక పచ్చ గుర్తు ఉండేవి. చక్రాన్ని ఆ గుర్తు మీదికి తిప్పితే వెలుతురు సంగతి, వేగం సంగతి అన్నీ కెమెరాయే చూసుకునేది. మనం బటన్ నొక్కితే చాలు. ఆ పదేళ్లలో మునిశేఖర్ చక్రాన్ని ఇంకెటూ తిప్పలేదు. దాని ఫ్లాష్ లైటు వేలితో పైకి లేపితే తప్ప వెలిగేది కాదు. పిట్టలకు లైటెందుకని అతను దాన్ని ఎప్పుడూ లేపనూ లేదు.

ఇంతలో అతనికి పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా మీద మనసు పడింది. నాలుగు నెలలు అదే ధ్యాస. పిట్టలకూ పనికిరావాలి, పెళ్లిళ్లకూ పనికిరావాలి, మసక వెలుతురులోనూ తీయాలి, వీడియో కూడా రావాలి. కౌంటరు దగ్గర కూర్చుని ఏ కెమెరా సెకనుకు ఎన్ని ఫొటోలు తీస్తుందో, దేనికెన్ని మెగాపిక్సెళ్లో బట్టీ పట్టాడు. దగ్గు మందు కోసం వచ్చినవాళ్లకు కూడా అవన్నీ వినిపించేవాడు. పాపం, వాళ్లు దగ్గుతూనే వినేవారు.

చివరికి ఒక శుక్రవారం తిరుపతి వెళ్లాడు. అక్కడ ఖలందర్ సాయిబు అని, నలభై ఏళ్లుగా కెమెరాలు అమ్ముతూ, బాగుచేస్తూ ఉన్న పెద్దమనిషి ఉండేవాడు.

"ఎక్కువగా ఏం తీస్తారు?" అని అడిగాడు సాయిబు.

"అన్నీ తీస్తాను."

"ఏ వేళప్పుడు?"

"అన్ని వేళలా."

సాయిబు రెండు కెమెరాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదటిదాన్ని చూపిస్తూ, "దీనికి బటన్లు తక్కువ. వారంలో చేతికి అలవాటవుతుంది. మీకు ఇది చాలు" అన్నాడు. రెండోదాని మీద చేయి వేసి, "ఇది అన్ని పనులూ చేస్తుంది. కానీ నేర్చుకోవాలి. ఒక్క పూట నా దగ్గర కూర్చోండి, చూపిస్తాను. డబ్బులేమీ వద్దు. ఈ చక్రం వాడటం తెలుసా మీకు?" అన్నాడు.

"ఓ, తెలుసు."

"దీన్ని పచ్చ గుర్తు మీద పెట్టారనుకోండి, వెలుతురు చాలకపోతే..."

"అంతా తెలుసు సాయిబూ. ఈ కెమెరా గురించి నేను చదవనిది లేదు" అన్నాడు మునిశేఖర్, గడియారం చూసుకుంటూ.

నిజానికి అతను చదివిందంతా ఆ కెమెరా గొప్పలే. ఏ బటన్ ఏం చేస్తుందో ఒక్క ముక్క చదవలేదు. సాయిబు రెండో కెమెరాను పెట్టెలో సర్ది ఇచ్చాడు.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం వెంకటప్ప షాపుకు వచ్చాడు. అడవిలో ఏనుగుల జాడ పట్టి, అవి ఎటు వస్తున్నాయో ఊళ్లకు ముందుగా చెప్పడం అతని పని. అటవీశాఖ వాళ్లు అతన్ని ఆ పనికి పెట్టుకుని ఇరవై ఏళ్లయింది. అతను ఏనుగును ఏనుగు అనేవాడు కాదు, పెద్దాయన అనేవాడు.

"సార్, పెద్దాయనకి ముందు కాలు పుండయి ఉండాది. కుంటతా ఉండాడు. డాక్టరు పుండు ఫొటో కావాలంట, దాన్ని చూసి మందు చెప్తాడంట. నా ఫోన్లో అంత దూరానిది కనపడదు. ఆఫీసరు మిమ్మల్ని పిల్చుకోని పొమ్మన్నాడు. మీ చిన్న కెమెరా ఎత్తుకోని వస్తారా?"

"చిన్నదెందుకు? పెద్దది కొన్నాను కదా!" అన్నాడు మునిశేఖర్. పెట్టె విప్పి కెమెరా మెడలో వేసుకున్నాడు. పెట్టెలో దానితో పాటు వచ్చిన పుస్తకం అట్టముక్కల మధ్య అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఐదు గంటలకు ఇద్దరూ అడవిలోకి నడిచారు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. కొంతదూరం పోయేసరికి మాటలు ఆగిపోయాయి. దారి పక్కన మనిషి తొడంత లావు కొమ్మలు విరిగి పడి ఉన్నాయి. ఇంకా వేడి చల్లారని ఏనుగు లద్దె కనిపించింది. వెంకటప్ప వంగి దాన్ని వేలితో తాకి చూసి, దగ్గరలోనే ఉన్నాడన్నట్టు చేయి ఊపాడు. మునిశేఖర్‌కు ఇంటికి వెళ్లిపోదామనిపించింది గాని, ఆ మాట నోట రాలేదు.

ఒక నీటి కుంట దగ్గర పెద్ద పెద్ద బండరాళ్లు ఉన్నాయి. వాటి వెనక కూర్చున్నాక వెంకటప్ప గుసగుసగా అడిగాడు.

"సార్, దీంట్లోంచి లైటు గీటు ఏమన్నా వస్తాదా?"

"ఎందుకు?"

"పెద్దాయన చేలల్లో పడినప్పుడు రైతులు ముందు ఆయన మొగాన లైటు కొడతారు. ఆ వెనకే టపాకాయలు ఏస్తారు. ఒళ్లు కాలి కాలి ఆయనకి బాగా ఎరిక. తెల్లని లైటు కనపడిందంటే ఇంక మనల్ని వదలడు. అందుకని అడగతా ఉండా."

లైటు వస్తుందో రాదో మునిశేఖర్‌కు తెలియదు. కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇరవై దాకా బటన్లున్నాయి. దేన్ని నొక్కితే ఏమవుతుందో తెలియదు. ఇరవై ఏళ్లు అడవిలో తిరిగిన మనిషి ముందు, ఇంత ఖరీదైన కెమెరా మెడలో వేసుకుని, తెలియదని చెప్పాలంటే తల కొట్టేసినట్టనిపించింది.

"రాదు" అన్నాడు.

"గట్టిగానా సార్?"

"రాదంటున్నా కదా!"

వెంకటప్ప ఆ మాట నమ్మాడు. మునిశేఖర్ చక్రాన్ని పచ్చ గుర్తు మీదికి తిప్పాడు. అతనికి తెలిసినది అదొక్కటే.

అరగంట గడిచింది. వెలుతురు మసకబారింది. ఉన్నట్టుండి కప్పల అరుపులు ఆగిపోయాయి. వెదురు పొదలు కదిలాయి. చప్పుడు లేకుండా, కొండ కదిలి వచ్చినట్టు ఏనుగు బయటికి వచ్చింది. ఒంటరి మగ ఏనుగు. కుంటుతూ నీళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది. వాళ్లకూ దానికీ మధ్య యాభై అడుగులు కూడా లేవు.

"కదలబాకండి. ఊపిరి గూడా మెల్లింగా" అన్నాడు వెంకటప్ప.

మునిశేఖర్ కెమెరా కంటికి ఆనించాడు. కాలి మీద పుండు స్పష్టంగా కనిపించింది. బటన్‌ను సగం నొక్కాడు. కెమెరా 'బీప్' మంది. ఏనుగు చెవులు ఆడటం ఆగిపోయింది. వెంకటప్ప చేయి మునిశేఖర్ భుజాన్ని గట్టిగా పట్టుకుంది. భయంతో బిగుసుకుపోయిన వేలు బటన్‌ను పూర్తిగా నొక్కేసింది.

టప్పున కెమెరా నెత్తిన మూత దానంతటదే లేచింది. తెల్లటి వెలుగు ఒక్కసారిగా భగ్గుమంది.

ఏనుగు ఘీంకరించింది. ఆ అరుపుకు మునిశేఖర్ పై ప్రాణాలు పైనే పోయాయి. వెంకటప్ప అతన్ని రెండు చేతులా పట్టి, రెండు బండల మధ్య ఉన్న సందులోకి తోసేశాడు. అందులో ఇద్దరికి చోటు లేదు. "హోయ్! హోయ్!" అని కేకలు వేస్తూ తాను రెండో వైపుకు పరుగెత్తాడు. నేల అదిరింది. చెట్లు విరిగాయి. "అమ్మా!" అని ఒక్క కేక వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

మునిశేఖర్ మెల్లగా తల చాచి చూశాడు. వెంకటప్ప పక్కనున్న వాగు వంకలో పడి ఉన్నాడు. కుడి కాలు మోకాలి దగ్గర పక్కకు తిరిగిపోయింది. నొప్పికి అరవకుండా రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఏనుగు గట్టు మీద నిలబడి, తొండం ఎత్తి గాలి పీలుస్తూ అతని కోసం వెతుకుతోంది. ఒక్క మూలుగు బయటికి వస్తే చాలు, ఆ మనిషి దక్కడు.

మళ్లీ లైటు వెలిగిస్తే ఏనుగు తన వైపు తిరుగుతుంది. బండల సందులోకి అది దూరలేదు. వెంకటప్ప బతుకుతాడు. ఈ ఆలోచన రాగానే మునిశేఖర్ బటన్ నొక్కాడు. చీకటి సందులో కెమెరాకు ఏదీ కుదురుగా కనిపించక, అద్దం ముందుకూ వెనక్కూ గరగర తిరిగింది గాని లైటు వెలగలేదు. మళ్లీ నొక్కాడు. వెలగలేదు. ఇంకో బటన్ నొక్కాడు. ఏదో పట్టిక వచ్చింది. ఇంకోటి నొక్కాడు. పట్టిక పోయి మరో పట్టిక వచ్చింది. సెకనుకు ఎన్ని ఫొటోలు వస్తాయో నోటికి వచ్చు. ఒక్కసారి లైటు వెలిగించడం మాత్రం రాదు. ఆ క్షణంలో అతనికి ఏనుగు కంటే తన చేతిలో ఉన్న వస్తువే ఎక్కువ భయం పుట్టించింది.

గట్టు మట్టి వెంకటప్ప మీద రాలింది. ఏనుగు ఒక కాలు వంకలోకి దించింది.

మునిశేఖర్ కెమెరా వదిలేసి గొంతు చించుకుని అరిచాడు. "ఇక్కడ! నేనిక్కడున్నా! నా దగ్గరికి రా!"

ఏనుగు తిరిగింది, వచ్చింది. బండను తలతో ఢీకొట్టింది. రాళ్ల పొడి అతని కళ్లలో పడింది. తొండం సందులోకి వచ్చి, వేడి ఊపిరి వదులుతూ అతని పొట్టనూ ఛాతీనీ తడిమింది. మునిశేఖర్ బండకు అతుక్కుపోయాడు. కన్నతల్లిని తలుచుకున్నాడు. తొండం కెమెరాను పట్టి లాగింది. మెడలో కెమెరా పట్టీ బిగుసుకుని ఊపిరి ఆగిపోయింది. ఎలాగో తల వంచి పట్టీ తప్పించుకున్నాడు. కెమెరా బయటికి పోయింది. కాలి కింద అది పటపటమని నలిగిన చప్పుడు వినిపించింది. తొండం మళ్లీ లోపలికి వచ్చింది.

అలా ఎంతసేపు గడిచిందో అతనికి తెలియలేదు. ఘీంకారం విన్న చుట్టుపక్కల చేల కాపలావాళ్లు డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ వచ్చారు. ఏనుగు ఇంకొకసారి బండను నెట్టి, కుంటుతూ వెదురు పొదల్లోకి వెళ్లిపోయింది.

వెంకటప్ప ప్రాణం దక్కింది. కాలు మాత్రం పనికిరాకుండా పోయింది. మోకాలి చిప్ప ముక్కలైపోయిందనీ, ఇక కర్ర లేకుండా నడవలేడనీ ఆసుపత్రిలో చెప్పారు. ఏనుగు పుండు చూడటానికి వేరే వాళ్లు వచ్చారు. దాని జాడ పట్టడానికి వెంకటప్ప లేక వాళ్లకు వారం పట్టింది.

మునిశేఖర్ రోజూ ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన కూర్చునేవాడు. నాలుగో రోజు వెంకటప్ప నోరు తెరిచాడు.

"సార్, ఒక్క మాట అడగతా. లైటు రాదని మీకు గట్టిగా తెల్సునా? లేకుంటే వట్టికే చెప్తిరా?"

మునిశేఖర్ జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. కెమెరాలోనే లోపం ఉందని ఒక్క మాట అంటే చాలు. కెమెరా నలిగి పిండయిపోయింది. ఎవరూ పట్టుకోలేరు. కానీ వెంకటప్ప కళ్లలోకి చూసేసరికి ఆ మాట అనలేకపోయాడు. బండల సందులో కూడా అతను ఇంతగా భయపడలేదు.

"తెలియదు వెంకటప్పా" అన్నాడు. "తెలియకుండానే రాదని చెప్పాను."

వెంకటప్ప కోప్పడలేదు. కట్టు కట్టిన మోకాలి వైపు చూశాడు.

"తెలీదని చెప్పింటే సరిపోయేది గదా సార్. నా తలగుడ్డ తీసి కెమెరా నెత్తికి గట్టిగా చుట్టేసింటా. అంత మాత్రం పనే గదా" అన్నాడు.

మునిశేఖర్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని, వార్డులో అందరూ చూస్తుండగా చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత వెంకటప్ప ఇంటికి ఏ లోటూ రాకుండా చూసుకున్నాడు గాని, అడవిలో తిరిగే కాలును మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాడు.

నీతి: ఎంత గొప్ప పనిముట్టునైనా దాని గొప్పలు విని కాదు, దాన్ని వాడటం నేర్చుకునే ఓపిక మనకు ఉందో లేదో చూసి ఎంచుకోవాలి. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాడు, తన మాట నమ్మినవాడి ప్రాణం మీదికి తెస్తాడు.