పిడి మీద చెయ్యి

"భయం మళ్ళీ రాకుండా కట్టిపడేసే మాట ఏదైనా ఉందా, గురువుగారూ?"

భాష్యకారులు మాస్టారు గంగులయ్యగారిని ఈ ప్రశ్న అడిగినప్పుడు, ఆ అరుగు మీద మేము శిష్యులం నలుగురమే ఉన్నాం. మాస్టారు అడిగిన తీరుకు మాకు కొంచెం ఇబ్బంది కలిగింది. చింతావారిలంక బడిలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. ఎవరి ముందూ గొంతు వణకనిచ్చి ఎరగరు. ఆ ఉదయం మాత్రం లెక్క రాని పిల్లవాడు పలక పట్టుకుని నిలబడ్డట్టు నిలబడ్డారు.

కారణం మాకు తెలిసిందే. ఆయన భార్య సుభద్రమ్మగారికి గుండెలో కవాటం ఒకటి ఇరుకైపోయింది. ప్రస్తుతానికి మందులతో చూద్దామనీ, ఆయాసంతో పడుకోలేని స్థితి వస్తే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మనీ ఏటి అవతల పట్నంలో డాక్టరు చెప్పి పంపాడు. ఆ మాట విన్న దగ్గరనుంచి మాస్టారికి కంటిమీద కునుకు లేదు.

"ధైర్యం తెచ్చుకుంటానండి. తెచ్చుకోలేక కాదు. గీత చదువుతాను, మీ మాటలు తలుచుకుంటాను, మనసు నిలబడుతుంది. పది నిమిషాలు. వంటింట్లో ఆవిడ దగ్గిందంటే చాలు, మళ్ళీ మొదటికొస్తుంది. ఏ దీక్షయినా ఇవ్వండి, ఎంత కఠినమైనదైనా సరే. ఒక్కసారి బిగిస్తే ఇక కదలకూడదు."

గంగులయ్యగారు జాలరి ఇంట పుట్టి, పడవలు చేసే వడ్రంగం నేర్చి, నలభై దాటాక అచల బోధ అనే వేదాంత మార్గంలో ఉపదేశం తీసుకున్నవారు. అక్షరం రాదు, వాదన అసలే రాదు. జవాబు తోస్తే చెప్పేవారు, తోచకపోతే ఊరుకునేవారు. ఆ రోజు ఊరుకున్నారు. మాస్టారు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ తరువాత జరిగింది నాకు మాస్టారే చెప్పారు. ఆయన సిగ్గుపడి దాటేసిన ఒకటి రెండు సంగతులు పడవ నడిపిన నూకరత్నం చెప్పింది.

నాలుగో రోజు తెల్లవారాక సుభద్రమ్మగారికి ఆయాసం వచ్చింది. పడుకోలేకపోయారు, కూర్చోలేకపోయారు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, "కంగారు పడకండి, చీర మార్చుకుని వస్తాను" అన్నారట. అది ఆశ్వయుజ మాసం. గోదావరిలో వరద తీసింది గాని ఉరవడి తగ్గలేదు. జనాన్నీ బళ్ళనూ దాటించే పంటు తిరగడం లేదు. రేవులో ఉన్నది నూకరత్నం మోటారు పడవ ఒక్కటే. మొగుడు నడుం పడిపోయి మంచాన ఉన్నప్పటినుంచీ ఆ పడవకు ఆవిడే సరంగు. ఏడేళ్ళుగా ఆ పాయ దాటిస్తోంది.

మాస్టారు భార్యను పొదివి పట్టుకుని రేవుకు వచ్చేసరికి, పడవ ముందు బల్ల మీద గంగులయ్యగారు కూర్చుని ఉన్నారు. ఎవరు కబురు చేశారో తెలియదు. "నేనూ వస్తున్నాను" అన్నారు.

పడవ నడుమ ఇంజను ఉంటుంది. దాని పక్కనే వేగం పెంచడానికీ తగ్గించడానికీ జానెడు ఇనుప పిడి, థ్రాటిల్ అంటారు. లోపల ఒక స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతున్నా, ముందుకు తోసి వదిలేస్తే తోసినచోటే నిలబడాలి. అప్పుడు సరంగు రెండు చేతులూ చుక్కానికి ఇవ్వగలుగుతుంది. ఆ రోజు అది నిలబడలేదు. రేవు వదిలిన పావుగంటకు ఇంజను గొంతు మారింది. మాస్టారికి ఇంజను చచ్చిపోతోందేమో అనిపించింది. నూకరత్నం చుక్కాని వదిలి వంగి పిడిని ముందుకు తోసింది. ఇంజను మళ్ళీ ఊపందుకుంది. ఆవిడ చుక్కాని దగ్గరకు వెళ్ళేలోగా పడవ ముక్కు పక్కకు తిరిగిపోయింది. సరిచేసుకునేసరికి పిడి మళ్ళీ వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఇలా మూడుసార్లయింది.

ఎదురుగా, ఎప్పుడో మొదలుపెట్టి సగంలో ఆపేసిన వంతెన స్తంభాలున్నాయి. నీళ్ళు వాటికి కొట్టుకుని సుళ్ళు తిరుగుతున్నాయి. పడవ వేగం తగ్గినప్పుడల్లా ఏరు దాన్ని అటే లాగుతోంది.

"మాస్టారండీ, ఇలా వచ్చి ఈ పిడి పట్టుకోండి. నేను చుక్కాని వదిలానంటే మనల్ని ఆ స్తంభాల మీదకి లాగేస్తాది" అంది నూకరత్నం.

మాస్టారు వచ్చి పట్టుకున్నారు. కాని వెనకనుంచి భార్య ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. తిరిగి చూశారు. అంతలోనే చేతిలో పిడి జారింది. మళ్ళీ తోశారు. మళ్ళీ తిరిగి చూశారు. అటు ఆవిడ పక్కన కూర్చోవాలి, ఇటు పిడి వదలకూడదు. రెండూ ఎలా కుదురుతాయి? భుజం మీది కండువా తీసి, పిడికి చుట్టి, ఇంజను బిగించిన ఇనుప చట్రానికి ముందువైపు లాగి ముడి వేశారు. అది చాలదనిపించి రెండో ముడి వేశారు. మూడోది కూడా.

"కట్టకండి బాబూ! పట్టుకుంటే చాలు!" అని అరిచింది నూకరత్నం.

"నాకంటే ఇది బాగా పట్టుకుంటుందమ్మా. నువ్వు చుక్కాని చూసుకో."

పిడి కదల్లేదు. ఇంజను ఒకే గొంతుతో మోగింది. మాస్టారు వెళ్ళి భార్య పక్కన కూర్చుని, ఆవిడ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు. గంగులయ్యగారి వైపు ఒకసారి చూశారు. ఆయన నీళ్ళకేసి చూస్తున్నారు. "ఆ అయిదు నిమిషాలూ నాకు సంతోషంగా కూడా ఉందండీ. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది" అన్నారు మాస్టారు నాతో.

స్తంభాల మధ్య దారి రెండు పడవలు పట్టేంత ఉంటుంది. ఆ దారిలో, వీళ్ళకు వీపు పెట్టి, చిన్న నావలో ఒక ముసలాయన వల చేదుకుంటున్నాడు. పినపోతు అప్పలస్వామి. చెవులు బొత్తిగా వినపడవు.

"తగ్గించండి! మాస్టారండీ, తగ్గించండి!"

మాస్టారు ఒక్క ఉదుటున పిడి దగ్గరకు దూకారు. ఎగిరిపడిన నీళ్ళకు కండువా తడిసి ముడులు రాయిలా బిగుసుకుపోయి ఉన్నాయి. గోళ్ళతో పీకారు. పళ్ళతో లాగారు. నూకరత్నం కేకలు పెడుతూనే ఉంది. ముసలాయన తల తిప్పలేదు.

"ఇంజను ఆపెయ్యమ్మా!"

"ఆపితే మనం స్తంభానికి గుద్దుకుంటాం!"

గంగులయ్యగారు పడవలో ఉన్న పొడుగాటి గెడ అందుకుని ముందు బల్ల మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. నావను నెట్టగలిగినంత నెట్టడానికి. నావకూ వీళ్ళకూ మధ్య ఇక ఇరవై బారలు కూడా లేవు.

అప్పుడు సుభద్రమ్మగారు లేచారు. నిలబడలేక ఇంజను చట్రం పట్టుకుని వంగి, "తప్పుకోండి" అన్నారు భర్తతో. ముడి జోలికే పోలేదు. అరచేత్తో పిడిని ఇంకా ముందుకు తోశారు. ఇంజను ఒక్కసారి గర్జించింది. నూకరత్నం కెవ్వుమంది. కాని ఆ తోపుకు కండువా వదులైంది. సుభద్రమ్మగారు రెండో చేత్తో ఆ ఉచ్చును పిడి తలమీదనుంచి పైకి తీసేశారు. పిడి దానంతట అదే టక్కున వెనక్కి పడింది. ఇంజను చప్పబడింది. నూకరత్నం చుక్కానిని ఒళ్ళంతా పెట్టి తిప్పింది. గంగులయ్యగారి గెడ నావ అంచుకు తగిలింది. పడవ నావను రాసుకుంటూ పక్కనుంచి జారిపోయింది. వల చిరిగింది. అప్పలస్వామి నావలో వెల్లకిలా పడి, అప్పుడు చూసి, అన్న మాటలు మాస్టారు నాకు చెప్పలేదు. నూకరత్నం చెప్పింది. ఇక్కడ రాయదగినవి కావు.

ఆపద తీరలేదు. వేగం లేని పడవను ఏరు స్తంభం వైపు తోస్తోంది.

"ఇప్పుడు పెంచండి! మెల్లిగా!"

మాస్టారు పిడి పట్టుకున్నారు. కండువా కాళ్ళ దగ్గర పడి ఉంది. అవతలి రేవు ఇంకా ఇరవై అయిదు నిమిషాల దూరం. ఆ ఇరవై అయిదు నిమిషాలూ ఆయన చెయ్యి తియ్యలేదు. గాలానికి పడ్డ చేప లాగినట్టు లోపలి స్ప్రింగు అరచేతిని వెనక్కి లాగుతూనే ఉంది. నూకరత్నం "కొంచెం" అంటే కొంచెం, "చాలు" అంటే చాలు. వెనక్కి తిరిగి చూడ్డానికి లేదు కనక, మధ్యమధ్య "సుభద్రా" అని పిలిచేవారు. "ఆఁ" అని వినిపించేది. ఒకసారి పిలిస్తే "ఆఁ" రాలేదు. తల తిప్పబోయారు, పిడి రెండు వేళ్ళ మేర జారింది. "పెంచండి బాబూ" అంది నూకరత్నం. పెంచారు. అప్పుడు వెనకనుంచి, ఎంతో దూరంనుంచి వచ్చినట్టు, "ఉన్నానండీ" అని వినపడింది.

"భయం పోయిందనుకుంటున్నారేమో, ఒక్క నిమిషం కూడా పోలేదు. ఇంకా ఎక్కువైంది" అన్నారు మాస్టారు నాతో. ఈ మాట ఆయన రెండుసార్లు చెప్పారు.

ఆస్పత్రిలో ముందు ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తగ్గించారు. వారం తరువాత తొడ దగ్గర నరంగుండా సన్నని తీగ పంపి, ఇరుకైన కవాటాన్ని వెడల్పు చేశారు. పదకొండో రోజున సుభద్రమ్మగారు తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ రేవుకు వచ్చారు.

నూకరత్నం అప్పటికి పిడి విప్పి కూర్చుని ఉంది. "ఇది బాగుచేసిందాకా మిమ్మల్ని ఎక్కించుకోను. కాసేపు కూర్చోండి అమ్మా" అంది. మాస్టారు నూకరత్నం పక్కన గొంతుక్కూచున్నారు. పిడి మొదట్లో రెండు ఇనుప బిళ్ళల మధ్య వాచరు, అంటే నడుమ చిల్లున్న పీచు చక్రం, ఒకటి ఉంటుంది. ఆ రాపిడి వల్లే పిడి పెట్టినచోట నిలుస్తుంది. వాచరు అరిగి కాగితంలా అయింది. దానికి తోడు నూనె కారి నున్నబడింది.

"తప్పు నాదేనండీ. అరిగిందని నెలనుంచీ తెలుసు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. ఈ లోపల చేత్తో లాగించేస్తున్నాను" అంది.

బిళ్ళలకు అంటిన నూనె గుడ్డతో తుడిచి, కొత్త వాచరు పెట్టి, నట్టు తిప్పింది. మాస్టారు చూస్తున్నారు.

"ఇంకా బిగించమ్మా. కదలకుండా."

"అలా బిగిస్తే మొన్న మీ కండువా చేసిన పనే ఇదీ చేస్తాదండి." నట్టు కొంచెం వదులు చేసి, చిటికెన వేలితో పిడిని తోసి చూసింది. కదిలింది. వేలు తీసింది. నిలబడింది. మళ్ళీ పానా పెట్టి కాస్త బిగించి, మళ్ళీ తోసి చూసింది.

"వెనక్కి లాగేది ఆ స్ప్రింగే కదా. దాన్నే తీసేస్తే పోలా?"

నూకరత్నం పని ఆపి ఆయన మొహం కేసి చూసింది. "అమ్మో! అది ఉండబట్టే కదండీ మొన్న అమ్మగారు ఉచ్చు తియ్యగానే పడవ నెమ్మదించింది. అది లేకపోతే ఆ ముసలాయన ఏమయ్యేవాడు?"

"మరి ఇప్పుడు చేసింది ఎన్నాళ్ళుంటుంది?"

"చూసుకున్నన్నాళ్ళు ఉంటాదండి. ఇంజను అదురుకి నట్టు వదులవుతానే ఉంటాది. వారానికోసారి పానా పెట్టాలి."

వచ్చేటప్పుడు స్తంభాల దగ్గర అప్పలస్వామి కనిపించాడు. మాస్టారు పడవ ఆపించి, లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. ముసలాయనకు అర్థమైందో లేదో గాని, చేప ఒకటి తీసి సుభద్రమ్మగారి కాళ్ళ దగ్గరకు విసిరాడు. వాళ్ళు చేపలు తినరని ఎవరూ ఆయనకు చెప్పలేదు. నూకరత్నం దాన్ని తడిగోనె కింద దాచుకుంది.

ఇల్లు చేరిన మూడో రోజు మధ్యాహ్నం మాస్టారు గంగులయ్యగారి అరుగు మీదికి వచ్చారు. మేము ఉన్నాం. వాచరు సంగతి, నట్టు సంగతి, స్ప్రింగు సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. చెబుతూ చెబుతూ ఆయనలోని లెక్కల మాస్టారు నిద్రలేచారు.

"అయితే గురువుగారూ, నా ప్రశ్నకు జవాబు ఇలా చెప్పుకోవచ్చా? భయం అనేది స్ప్రింగు లాంటిది. అది ఉంటుంది, ఉండాలి కూడా. ఇక మిగిలింది ఏమిటంటే..."

"సుభద్రమ్మ ఇంట్లో ఒక్కతే ఉందా?" అన్నారు గంగులయ్యగారు.

మాస్టారు తడబడ్డారు. "ఒక్కతేనండి. మూడింటికి మందు వెయ్యాలి. ఆ లోపల నిద్రపోతుంది కదా అని వచ్చాను. వచ్చానన్న మాటేగాని, ఇందాకటినుంచీ కూర్చోబుద్ధి కావడం లేదు. లేచిందేమో, ఆయాసం వచ్చిందేమో అని." ఆగి, ఓడిపోయినవాడిలా నవ్వారు. "చూశారా, భయం మళ్ళీ వచ్చేసింది."

"మరి లేవండి మాస్టారూ. దాన్నీ వెంట తీసుకెళ్ళండి. మందు వేళకి అదే గుర్తు చేస్తుంది."