పెంటయ్య కలిపిన మందు

మందు డబ్బాను తప్ప మరి దేన్నీ నమ్మని పెంటయ్య అనే రైతు ఒక వాగు ఒడ్డు పల్లెలో ఉండేవాడు. పురుగు కనిపించినా మందే, కనిపించకపోయినా మందే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

ఊరికి ఎగువన పాత బ్యాటరీలు కరిగించే కార్ఖానా ఒకటి ఏళ్ల తరబడి వాగులోకి మురుగు వదిలింది. కార్ఖానా మూతపడింది గానీ, వాగు నీళ్లతో చేరిన సీసం పొలాల్లోనే ఉండిపోయింది. ఏ పైరు వేసినా మోకాలెత్తు రాకముందే పసుపెక్కి చచ్చేది. ఈసారీ పంట రాకపోతే పైమట్టిని ఇటుకబట్టీకి అమ్మేస్తానని పెంటయ్య అన్నాడు. అది అతని తాతలు దున్నిన నేల.

ఆ ఏడు వ్యవసాయాధికారి సుగుణ ఊరికి వచ్చింది. ఈ నేలలో తిండిపంట వద్దని, ఆముదం వేయమని చెప్పింది. పెంటయ్యకూ, పక్క చేను చేసుకునే అతని తమ్ముడి భార్య మణెమ్మకూ నల్లటి పొడి పొట్లాలు ఇచ్చింది. అందులో మేలు చేసే బ్యాక్టీరియా ఉందని, అది వేళ్లను అంటిపెట్టుకుని సీసం దెబ్బను మొక్క తట్టుకునేలా చేస్తుందని వివరించింది. పొడిని బెల్లం నీళ్లతో విత్తనాలకు పట్టించి నీడలో ఆరబెట్టాలి. మందులేవీ తగలనివ్వకూడదు.

మణెమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. పెంటయ్యకు మాత్రం కంటికి కనపడనిదాని మీద గురి కుదరలేదు. పొడికి తోడుగా తెగుళ్ల మందు కూడా దట్టంగా పట్టించి, మండుటెండలో ఆరబోసి విత్తాడు.

అతని మొలకలు ఎప్పటిలాగే వాడిపోయాయి. పక్క చేలో మొలకలు ఇంకా చిన్నవే. కొన్నాళ్లు ఆగమని మణెమ్మ బతిమాలింది. పెంటయ్య వినలేదు. కోపంతో బట్టీవాళ్లకు కబురు పెట్టాడు. ట్రాక్టర్లు వచ్చి నడుములోతు మట్టి తవ్వుకుపోయాయి. అడుగున రాయి తేలింది.

చలికాలానికి మణెమ్మ చేలో ఆముదం గెలలు వేసింది. గొప్ప పంటేమీ కాదు, కానీ నిలబడింది. పెంటయ్య గట్టు మీద నిలబడి చూశాడు. తన పొట్లంలోనే ఏదో లోపం ఉందన్నాడు.

"ఇద్దరియి ఒక్క పెట్టెలయే బావా. నువ్వు ఇంకేమన్న కలిపినవా?" అని అడిగింది మణెమ్మ.

"జర మందు కలిపిన. బలముంటదని."

మణెమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. "అవిటికి గూడ పానముంటది బావా. సాయానికొచ్చినవాటికే విషం పెడితివి" అంది.

పెంటయ్య తన చేను వైపు తిరిగాడు. వచ్చే ఏడు సరిగ్గా చేద్దామన్నా, విత్తడానికి అతనికి మట్టి లేదు. అక్కడ రాయి తేలిన గుంతే మిగిలింది.

కంటికి కనపడని మేలును నమ్మలేనివాడు దాన్ని తన చేతులతోనే చంపుకుంటాడు.