ఐదు మీటల పెట్టె

"ఏ స్పీకరు మంచిది గురువుగారూ?" అని అడిగిన శిష్యుడికి దాలినాయుడు గారు ఏనాడూ నేరుగా జవాబు చెప్పింది లేదు. మద్రాసు స్టూడియోల్లో చిరకాలం రికార్డింగు పని చేసి విజయనగరం తిరిగొచ్చిన ఆ పెద్దాయన చుట్టూ, సొంతంగా స్పీకర్లు తయారుచేసుకునే పిచ్చి ఉన్నవాళ్లంతా చేరారు. ఆదివారం పొద్దున్న ఆయన ముందుగది పెట్టెలతో నిండిపోయేది. ఎవరికి వారు తమ పెట్టె తెచ్చి, తీగలు కలిపి, పిల్లాణ్ని బడిలో చేర్చడానికి తెచ్చిన తండ్రిలా ఆయన ముఖంలోకి చూసేవారు. ఆయన పాట ఆసాంతం విని, "ఊ" అని, "టీ తాగుతావా?" అని అడిగేవారు. అది మెప్పో కాదో తేల్చుకోలేక శిష్యులు వారమంతా తన్నుకుచచ్చేవారు.

ఆ శిష్యుల్లో సన్యాసిరావు ఒకడు. కాలేజీ రోజుల్లో ఆయన దగ్గరే టంకం వేయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు మస్కట్‌లో ఇంజనీరు. సెలవు మీద వచ్చినప్పుడల్లా గురువుగారి దర్శనం చేసుకోకుండా వెళ్లడు. ఈసారి కూతురు ఇందుజను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్లకు పదమూడేళ్లు. వచ్చి నమస్కారం పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అరుగు మీద కూర్చుంది.

సన్యాసిరావుకు పెళ్లి కాకముందు నుంచీ ఒక కల ఉంది. మనిషి ఎత్తు స్పీకర్ల జత. అలాంటి జత చెన్నైలో ఒక మిత్రుడి దగ్గర ఉంది. ఆయన ఇల్లు మారుతూ దాన్ని వదిలించుకుంటున్నాడు. సోమవారం లోగా ఔనో కాదో చెప్పమన్నాడు. "మీ చిన్నిల్లు ఎప్పుడొస్తోంది?" అని సన్యాసిరావు భార్య రోజూ దెప్పుతూనే ఉంది. పెట్టడానికి మస్కట్ ఫ్లాటులో అతను పాటలు వినే గది కూడా సిద్ధంగా ఉంది. నేల మీద మందపాటి తివాచీ, గోడలకు స్పాంజి పలకలు. లేనిది అతని మనసులో నిమ్మళం ఒక్కటే.

"గురువుగారూ, ఈసారి నేను స్పీకరు సంగతి అడగడానికి రాలేదండి. పిల్ల సంగతి అడగాలి," అన్నాడు గొంతు తగ్గించి.

"అడుగు."

"దాని చెవి పాడైపోయిందండి. బేసు, బేసు, బేసు. ఏ పాటైనా సరే, దబదబా మోగితే చాలు దానికి. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని కచేరీలు వినేది. ఇప్పుడు ఆ గదిలోకి అడుగు పెట్టి రెండేళ్లయింది. సౌండు ఎక్కువైతే చెవికి ప్రమాదమని చదివి ఫోనులో హద్దు పెట్టాను. మంచి ఇయర్‌ఫోన్లు కొనిచ్చాను. పక్కన కూర్చోబెట్టి ఇది తంబూర, ఇది గమకం అని చెప్పి చూశాను. 'ఓకే నాన్నా' అంటుంది, లేచిపోతుంది." అరుగు వైపు చూసి మళ్లీ అన్నాడు. "పరాయి దేశంలో పెంచుతున్నాం. తెలుగు ఇప్పటికే సగం పోయింది. పాటైనా మా ఇద్దరికీ ఉమ్మడిగా మిగులుతుందనుకున్నాను. అదీ లేకపోతే ఆ స్పీకర్లు ఎవరి కోసం చెప్పండి? దాని చెవిని మళ్లీ దారిలో పెట్టడం ఎలాగండి?"

పక్కన ఆంప్లిఫయరు విప్పుకుని కూర్చున్న పైడిరాజు, అతనూ శిష్యుడే, తలెత్తకుండానే అన్నాడు: "మా నాన్నగారికీ నా చెవి మీద ఇదే బెంగుండేది. నేను ఆయన మాట వినేవోణ్ని కాదు మరి."

దాలినాయుడు గారు నవ్వారు. సన్యాసిరావు ప్రశ్నకు మాత్రం "ఊ" అని కూడా అనలేదు. లేచి, బీరువాలోంచి ఒక చిన్న పెట్టె తీసి దుమ్ము తుడిచారు. దాని ముఖాన వరసగా ఐదు మీటలున్నాయి. ఎడమ చివరిది బేసుకు, కుడి చివరిది సన్నటి ధ్వనులకు, మధ్యవి మనిషి గొంతుకు. ఏది పైకి తోస్తే అది పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. ఆ పెట్టెను తన పాత స్పీకర్లకు కలిపి, ఒక రికార్డు పెట్టారు. ఎవరో పేరు పడని గాయని. గొంతు, తంబూర, మృదంగం, అంతే.

"సరైన ధ్వని ఎలా ఉండాలో అలా పెట్టు," అన్నారు శిష్యుడితో.

సన్యాసిరావు కళ్లు మూసుకున్నాడు. ఒక్కో మీటనూ వెంట్రుకవాసి కదుపుతూ, ఆగుతూ, మళ్లీ వెనక్కి తెస్తూ చాలాసేపు తంటాలు పడ్డాడు. "నాడి చూస్తన్నావేటి బావూ? పేషెంటు బతుకుతుందా?" అన్నాడు పైడిరాజు. చివరికి గాయని గొంతు ముందుకొచ్చి, తంబూర వెనక సన్నగా పరుచుకుంది. సన్యాసిరావు తృప్తిగా చెయ్యి తీశాడు. దాలినాయుడు గారు మీటలన్నిటినీ మళ్లీ నడిమికి తెచ్చేసి, అరుగు వైపు తిరిగారు.

"ఇందూ, ఆ చెవుల్లోవి తీసి ఒకసారి ఇలా వస్తావా అమ్మా? ఈ పాట నీకు ఎలా ఉంటే బాగుంటుందో అలా పెట్టు."

ఇందుజ వచ్చింది. తండ్రి కేసి ఒకసారి చూసి, కుడివైపు మీటలు కిందికి లాగింది. ఎడమ చివరిది పైదాకా తోసింది. మృదంగం గది నిండా గుమ్మని మోగింది. గాయని ఎక్కడో దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టయింది.

"చూశారా!" అన్నాడు సన్యాసిరావు, ఎవరో తన కాలు తొక్కినట్టు.

"పక్క సందులోంచి పెళ్లి ఊరేగింపు వెళ్తున్నట్టుంది," అన్నాడు పైడిరాజు.

ఆ మాటకు దాలినాయుడు గారు ఒక్క క్షణం ఆ పిల్లను పరకాయించి చూశారు. మీటలు మళ్లీ నడిమికి తెచ్చారు. "బాగుందమ్మా. ఇప్పుడు, మీ ఇంట్లో మీ నాన్న పాట పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలా పెట్టగలవా?"

పిల్ల చెయ్యి చాపి, ఆగి, అడిగింది: "తలుపు తీసున్నప్పుడా, వేసున్నప్పుడా తాతగారూ?"

పైడిరాజు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"రెండూ చూపించు," అన్నారు దాలినాయుడు గారు.

ఇందుజ కళ్లు మూసుకోలేదు, తడుముకోలేదు. నాలుగు మీటలు చకచకా కదిపింది. తండ్రి అంతసేపు వెతికి పట్టుకున్న గొంతు, ఆ తంబూర, గదిలోకి వచ్చి కూర్చున్నాయి. "ఇది తీసున్నప్పుడు," అని, పిల్ల మళ్లీ మీటలు జరిపింది. కుడివైపువి కిందికి. ఎడమ చివరిది పైదాకా. "ఇది వేసున్నప్పుడు."

అది ఇందాక ఆ పిల్ల తనకోసం పెట్టుకున్న ధ్వనే.

సన్యాసిరావు తన గది తలుపును తలుచుకున్నాడు. ఫ్రిజ్ రొద, ఏసీ రొద లోపలికి రాకూడదని దాని అంచులకు రబ్బరు పట్టీ వేయించింది తనే. తలుపూ గోడా సన్నటి ధ్వనుల్ని తినేస్తాయనీ, బేసును మాత్రం ఆపలేవనీ తోటి పిచ్చివాళ్లకు ఎన్నోసార్లు బొమ్మలు గీసి చెప్పిందీ తనే.

"నువ్వు... నా పాటలు వింటావా?" అన్నాడు.

"రోజూ వింటాను. నా మంచం ఆ గోడకే కదా నాన్నా."

"మరి లోపలికి రావేం?"

"వస్తే కదలకూడదు అంటావు. మాట్లాడకూడదు అంటావు. చిప్స్ తింటే బయటికి పంపేశావు. సినిమా హాల్లో కూడా తిననిస్తారు," అంది ఇందుజ. తర్వాత, ఫిర్యాదులా కాకుండా, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది: "గోడ మీద తాళం వేసేదాన్ని. వేసినప్పుడల్లా నువ్వు సౌండు తగ్గించేసేవాడివి. అందుకని మానేశాను."

గోడ మీద ఆ చప్పుడు సన్యాసిరావుకు బాగా గుర్తుంది. చదువుకుంటున్న పిల్ల విసుక్కుంటోందనుకున్నాడు. పిల్లను ఇబ్బంది పెట్టకూడదని, ఎంత నచ్చిన పాటైనా సరే, ఠక్కున తగ్గించేసేవాడు. మంచి తండ్రిననుకునేవాడు.

"చదువుకు అడ్డమొస్తోందేమోనని తగ్గించేవాణ్నే తల్లీ," అన్నాడు. పిల్ల అతని కేసి వింతగా చూసింది. నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

ఎవరూ చెప్పకుండానే అతను వచ్చి కూతురి పక్కన చాప మీద చతికిలబడ్డాడు. మీటలు ముట్టుకోలేదు. దాలినాయుడు గారు పాట మళ్లీ మొదటినుంచి పెట్టారు. మొదట అతనికి దుప్పటి కప్పుకున్న గొంతే వినిపించింది. మనసు ఊరుకోక, వేళ్లు రెండుసార్లు పెట్టె వైపు కదిలాయి. తర్వాత ఆ గుమ్మనే మోతలో మృదంగం వాయించే ఎడమ చెయ్యి విడిగా తెలిసింది. గాయని ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఆ చెయ్యి ఆమెకోసం ఒక క్షణం ఆగి, దారిచ్చి, మళ్లీ అందుకుంటోంది. ఇన్నేళ్లుగా ఎన్ని మృదంగాలు విన్నాడో. ఆ ఆగడాన్ని మాత్రం అతను ఎప్పుడూ వినలేదు. "ఇదేనా నువ్వు వినేది?" అన్నట్టు కూతురి వైపు చూశాడు. ఇందుజ అప్పటికే మోకాలి మీద తాళం వేస్తోంది. ఈసారి ఆపలేదు.

రికార్డు అయిపోయింది. బయట ఆటోలు, కూరల బండివాడి కేక మళ్లీ వినిపించాయి. సన్యాసిరావు గురువుగారి వైపు తిరిగాడు.

"గురువుగారూ, రేపు చెన్నైకి ఫోను చెయ్యాలి. ఆ స్పీకర్ల సంగతి ఏం చెప్పమంటారు?"

దాలినాయుడు గారు రికార్డును తొడుగులో పెడుతూ, "ఆ గదిలో వినేవాళ్లు ఎంతమందో నువ్వు చెప్పలేదు కదా సన్యాసీ," అన్నారు.