పులుసులో ఉర్లగడ్డ

సోమవారం భజన అయ్యాక, అందరూ ఇంకా చాపల మీద కూర్చుని ఉండగానే, వంటల సుంకమ్మ లేచి చిదంబరాన్ని నిలదీసింది.

"అయ్యా, మీరు చెప్పినట్టే చేసినా. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఉర్లగడ్డ వేయమన్నారు, అది ఉప్పంతా లాగేస్తుందన్నారు. ఒకటి కాదు, ఆరు వేసినా. రవ్వంత కూడా తగ్గలే. పెళ్ళివాళ్ళు సగం తిని ఆకులు మడిచి లేచిపోయినారు."

ఉర్లగడ్డ అంటే ఆ పక్క బంగాళదుంప. సుంకమ్మ అంటే చుట్టుపక్కల పది ఊళ్ళలో పెళ్ళికైనా దినానికైనా గాడిపొయ్యి ముందు నిలబడే మనిషి. చిదంబరమేమో ఎర్రమల కింద ఉన్న పర్వతయ్యస్వామి మఠంలో తొమ్మిదేళ్ళుగా వంటశాల చూస్తున్న శిష్యుడు. వంట కన్నా చిట్కాలకు ఎక్కువ పేరు ఆయనకు. సోమవారం భజన కాగానే ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరేవారు. బియ్యంలో పురుగు, ఇత్తడి బిందె మీద మరక, చీమలు, బల్లులు, దేనికైనా ఆయన దగ్గర ఒక మాట ఉండేది.

అలాంటి మనిషిని నలుగురిలో అడిగేసరికి ముఖం ఎర్రబడింది.

"చిట్కాలో లోపం లేదమ్మా. నమ్మకం లేకుండా వేసి ఉంటావు," అన్నాడు.

సుంకమ్మ కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం ఆమె కన్నా ముందే ఊళ్ళు చేరింది. సుంకమ్మ చేతిలో నమ్మకం లేదని మఠంవాళ్ళే అన్నారట! ఆ నెలలో ఒప్పుకున్న రెండు పెళ్ళిళ్ళు చేజారాయి. వంట చేసే మనిషికి చెయ్యి మంచిది కాదన్న పేరు వచ్చాక ఇంకేం మిగులుతుంది?

ఇదంతా తెలియని చిదంబరం తన నోటుపుస్తకం తీసుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. నంద్యాలలో అచ్చాఫీసు నడిపే భక్తుడొకడు శివరాత్రికి ఆ చిట్కాలను వెయ్యి ప్రతులు వేస్తానన్నాడు. మొదటి పేజీలో స్వామివారి ఆశీస్సులు కావాలి. పేరు కూడా కుదిరింది: నూటెనిమిది గృహచిట్కాలు. నిజానికి దొరికినవి తొంభై రెండే. మఠం పుస్తకానికి నూటెనిమిది ఉండకపోతే బాగుండదని మిగతా పదహారూ ఎక్కడెక్కడో వెతికి పట్టుకొచ్చాడు.

పర్వతయ్యస్వామికి డెబ్భై ఎనిమిదేళ్ళు. పుస్తకాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుని, వేలితో ఒక్కొక్క వరుసా వెతుక్కుంటూ చదివాడు. మూడో రోజు పిలిచాడు.

"ఇవన్నీ ఎవరు చేసి చూసినారు నాయనా?"

"పెద్దలు చెప్పినవి స్వామీ."

"ఆ పెద్దలు చేసి చూసినారా?"

చిదంబరం తడబడ్డాడు. "కొన్ని ఫోన్లో వచ్చినవి కూడా ఉన్నాయి స్వామీ."

"ఫోన్లో ఎవరు చేసి చూసినారు?"

స్వామి కోప్పడలేదు. ఉపదేశమూ చేయలేదు. పంచె ఎగగట్టి లేచాడు.

"పా, చూద్దాం. ఒకటో నంబరు ఏముంది?"

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ తర్వాతి మూడు వారాలు. ఆ వయసులో, ఆ పీఠం మీద కూర్చునే మనిషి, ఒక శిష్యుడి చిట్కాల పుస్తకాన్ని చిన్నచూపు చూడకుండా, పసిపిల్లాడి ఉత్సాహంతో వంటశాలలో కూర్చున్నాడు. ఎంత గొప్ప గురువైనా నాకు ఆ దృశ్యం ముందు చిన్నగానే కనిపిస్తాడు.

కొబ్బరికాయను నీళ్ళలో ముంచి కొడితే సమంగా రెండు చెక్కలవుతుందని ఉంది. స్వామి ఇరవై కాయలు తెప్పించాడు. పది తడిపి, పది తడపకుండా కొట్టించాడు. తడిపినవాటిలో ఆరు సమంగా పగిలాయి, తడపనివాటిలో అయిదు. "పనిచేసినట్టే స్వామీ," అన్నాడు చిదంబరం. "తేలలేదని రాయి," అన్నాడు స్వామి. ఆ రోజు మఠానికి వచ్చినవాళ్ళందరికీ కొబ్బరి పచ్చడే.

పచ్చిమిరపకాయ తొడిమలు గోరువెచ్చని పాలలో వేస్తే తోడు లేకుండానే పెరుగవుతుందన్న దాన్ని చిదంబరమే నమ్మలేదు, పుస్తకంలో లెక్క కోసం చేర్చాడు. తెల్లారి మూత తీస్తే గిన్నెలో పెరుగు పేరుకుని ఉంది. కొంచెం పలచన, అంతే. స్వామి వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. "నిజం! నిజం రా! ఎవరు కనిపెట్టినారో మహానుభావులు!" ఆ పూట జపానికి ఆలస్యమైంది.

ఇక ఉల్లిపాయలు. మఠంలోకి ఉల్లిపాయే రాదు. అయినా ఉల్లిపాయ కోసేటప్పుడు కళ్ళు మండకుండా ఉండటానికి పుస్తకంలో నాలుగు చిట్కాలు ఉన్నాయి. స్వామి ప్రహరీ గోడ బయట పీట వేయించుకుని కూర్చుని, నోట్లో నీళ్ళు పుక్కిటపట్టి ఒకసారి, నెత్తిన ఉల్లిచెక్క పెట్టుకుని ఒకసారి, అలా నాలుగూ కానిచ్చాడు. దారిన పోయేవాళ్ళు స్వామివారు గోడ బయట కూర్చుని ఏడుస్తున్నారని భయపడి దగ్గరికి వచ్చారు. "ఏం లేదు లెండి," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ, "నాలుగూ అబద్ధం."

చిదంబరం ఒక్కొక్కటీ కొట్టేస్తూ, కొన్నిటి పక్కన టిక్కు పెడుతూ వచ్చాడు. మొదట సిగ్గేసింది. తర్వాత తర్వాత ఆయనకూ రుచి తగిలింది. అయితే ఒక్క చిట్కా దగ్గరికి వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసేవాడు. చివరికి అదొక్కటే మిగిలింది.

"ఉర్లగడ్డ," అన్నాడు స్వామి.

"అది చూడక్కరలేదు స్వామీ. తొమ్మిదేళ్ళుగా మన వంటశాలలోనే చేస్తున్నా. ఒక్కరు కూడా ఉప్పయిందని అనలేదు."

ఆ మాట నిజమే. అయితే ఆ నిజం ఎలా పుట్టిందో చెప్పాలి. దేవుడికి నివేదించే వంటను ముందుగా రుచి చూడకూడదు. చిదంబరం మంత్రం చదువుకుంటూ వండేవాడు. ఆ ధ్యాసలో ఉప్పు వేశానా లేదా అని అనుమానం వచ్చేది. మళ్ళీ ఒక గుప్పెడు వేసేవాడు. తర్వాత ముందే వేసినట్టు గుర్తొచ్చేది. అప్పుడు నాలుగు దుంపలు పడేసి నిశ్చింతగా ఉండేవాడు. తిన్నవాళ్ళు కళ్ళకద్దుకుని తిన్నారు. ఆయన మాత్రం దీక్ష తీసుకున్ననాటి నుంచీ మజ్జిగన్నం తప్ప ముట్టడు. అంటే తన చేతి పులుసు తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా తన నాలుక మీద పడలేదు.

స్వామి రెండు గిన్నెల్లో ఒకే పులుసు పోయించాడు. రెండింట్లో ఒకే లెక్కన ఉప్పు ఎక్కువ వేయించాడు. ఒకదాంట్లో దుంపలు. రెండూ ఒకేసేపు ఉడికాక దుంపలు తీసి పక్కన పెట్టించాడు.

"రుచి చూడు."

"నైవేద్యం కాలేదు కదా స్వామీ?"

"ఇది దేవునికి కాదు. మనకు."

"నాది మజ్జిగన్నం వ్రతం..."

"ఎవరిచ్చినారు ఆ వ్రతం?"

"నేనే పట్టినా స్వామీ."

"నేను విడిపిస్తున్నా. కూర్చో."

తన పైపంచె తీసి శిష్యుడి కళ్ళకు కట్టాడు. రెండు గిన్నెలూ అటూ ఇటూ మార్చి ఒక్కొక్క చెంచా నోట్లో పోశాడు. చిదంబరం చప్పరించి, ధీమాగా, "ఇది తక్కువ. ఇందులోనే దుంప వేసింది," అన్నాడు. స్వామి లెక్కకు ఒక పుల్ల పెట్టాడు, ఒప్పయితే కుడివైపు, తప్పయితే ఎడమవైపు. నోరు పుక్కిలించమన్నాడు. మళ్ళీ మార్చాడు. అలా పదిసార్లు.

కట్టు విప్పాక చిదంబరం పుల్లలు చూసుకున్నాడు. సరిగ్గా చెప్పినవి నాలుగు, తప్పినవి ఆరు. రెండు గిన్నెలూ నోరు పగిలేంత ఉప్పగా ఉన్నాయి.

చిదంబరం, పక్కన పెట్టిన దుంపను తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఇది కూడా ఉప్పగానే ఉంది స్వామీ. ఉప్పు తాగినట్టే కదా?" అన్నాడు, చివరి ఆశతో.

"ఉప్పు తాగలేదు నాయనా. పులుసు తాగింది."

చిదంబరం మిగిలిన దుంప కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "తొమ్మిదేళ్ళు మీరు తిన్నారు కదా. మీకు తెలియలేదా?"

"తెలుసు. దుంప పడిన రోజు చెంబు నీళ్ళు ఎక్కువ తాగేవాణ్ణి."

"మరి చెప్పలేదేం స్వామీ?"

"ప్రసాదానికి వంక పెట్టగూడదని ఊరుకున్నా. నన్ను చూసి అందరూ ఊరుకున్నారు. ఇందులో నీ తప్పు సగమే."

ఒక గురువు శిష్యుడి ముందు అంత తేలిగ్గా తన తప్పు ఒప్పుకోవడం నేనెక్కడా వినలేదు. చిదంబరానికి ఆ సగమే మోయలేనంత బరువైంది. సుంకమ్మ గుర్తొచ్చింది. ఆమెను మఠానికి పిలిపిస్తానన్నాడు. స్వామి అప్పటికే చేతికర్ర అందుకుని గడప దాటాడు.

సుంకమ్మ ఇంటి ముందు వేరుశనక్కాయలు ఒలుస్తోంది. కూలికి. పది ఊళ్ళ పెళ్ళిళ్ళకు వండిన చేతులు కాయలు ఒలుస్తుంటే చూసి చిదంబరానికి అప్పుడే తెలిసింది తన మాట ఎంత దూరం పోయిందో. ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"తల్లీ, ఉర్లగడ్డ ఉప్పు లాగదు. నేనెప్పుడూ రుచి చూసిందే లేదు. చూడకుండా నీకు చెప్పినా. పైగా నమ్మకం లేదని నిన్నే అన్నా. తప్పు నాది."

సుంకమ్మ ఒలిచిన గింజలు చేటలో పోసింది.

"నా ఒక్కదానికి చెబితే ఎట్లయ్యా? ఆ పొద్దు నలుగురున్నారు గదా."

స్వామి తలాడించాడు. చిదంబరం లేచి దండం పెట్టాడు.

మరుసటి సోమవారం భజన అయ్యాక, చాపల మీద ఎప్పటికన్నా ఎక్కువమందే ఉండగా, చిదంబరం నిలబడి అదే మాట మళ్ళీ చెప్పాడు. ఒక్క ముక్కా మింగలేదు. నూటెనిమిదిలో నలభై మూడే నిలిచాయనీ, పుస్తకం అంతే ఉంటుందనీ, సుంకమ్మ చేతిలో ఏ లోపమూ లేదనీ చెప్పాడు. స్వామి ఆమెను పంక్తిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

వడ్డన అయింది. అందరూ రెండు ముద్దలు తిన్నాక, మఠంలో ఎన్నడూ లేనిది, స్వామి తలెత్తి అడిగాడు.

"పులుసులో ఉప్పు ఎట్లుంది?"

"అమృతం స్వామీ!" అన్నారు ఒకరు. "అమృతం! అమృతం!" అంది పంక్తి అంతా.

"ఎక్కువైంది," అంది సుంకమ్మ.

పంక్తిలో చేతులు ఆగిపోయాయి. ఎవరో "ప్రసాదమమ్మా!" అని మందలించబోయారు.

"ప్రసాదమే. ఉప్పు ఎక్కువైన ప్రసాదం," అంది ఆమె. "రెండుసార్లు వేసినట్టుండారు."

చిదంబరం చేతిలోని పులుసు బొక్కెన కింద పెట్టి, గరిటెతో అరచేతిలో పోసుకుని, అందరి ముందూ తాగాడు. భజనలో ఏం చెప్పాలో అన్న దిగులుతో పొద్దున ఉప్పు ఎన్నిసార్లు వేశాడో ఆయనకే తెలియదు.

"అవును తల్లీ. ఎక్కువైంది," అన్నాడు. "ఇప్పుడేం చేయాల?"

"ఏముందయ్యా. ఇంకొన్ని నీళ్ళు, ఇంకొంచెం చింతపండు, ఇంకాసిన్ని ముక్కలు. ఉప్పు మాత్రం వేయగాకండి. పొయ్యి ఆరిపోలేదు గదా?" అంటూ సుంకమ్మ ఆకు ముందు నుంచి లేచింది. చిదంబరం బొక్కెన పట్టుకుని ఆమె వెనక వంటశాలలోకి నడిచాడు.

పంక్తిలో కూర్చున్నవాళ్ళు స్వామి ముఖం వైపు చూశారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వుతున్నాడు.

"తొమ్మిదేళ్ళకు," అన్నాడు, "మన మఠంలో ఒకరు అన్నం తిన్నారు."