చెన్నుభట్టు పక్క పీట

ఒకానొక రాజ్యంలో నాటకాల పిచ్చి ముదిరి పాకాన పడింది. రాజు జయకేతుడు తానే నాటకం రాసి, అరవయ్యో ఏట తానే ఇరవై ఏళ్ల రాకుమారుడి వేషం కట్టేవాడు. కథంతా ఒక్కటే: రాకుమారుడు ఒంటిచేత్తో నలభైమందిని మట్టి కరిపిస్తాడు. రెండేళ్లయినా చప్పట్లు తగ్గలేదు. తగ్గితే తలలు దక్కవు మరి.

కొలువులో నాటకాల మంచిచెడ్డలు చెప్పే పని చెన్నుభట్టుది. మొదటిరోజే అతను, పోరు మరీ పొడుగైందని మనవి చేశాడు. అంతే, ఆనాటి నుంచి ఎవరూ అతని పక్కన కూర్చోలేదు. ఎదురుపడితే పలకరింపు లేదు, పండగకి పిలుపు లేదు. నిజం చెప్పినందుకు అతనికి చింత లేదు. మంచి పద్యం వచ్చినప్పుడు తలతిప్పి "బాగుంది కదూ" అనడానికి మనిషి లేడే అని మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

చివరికి రాజు కబురు పంపాడు. ఈ సాయంత్రం నాటకాన్ని నలుగురిలో మెచ్చుకోవాలి, లేదా పొలిమేర దాటాలి. భట్టు సరేనన్నాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ప్రేక్షకుల్లో ఎవరైనా "మళ్లీ" అంటే, నటుడు ఆ ఘట్టాన్ని మొదటినుంచి ఆడి తీరాలి. కాదంటే కట్టిన గజ్జెకే అవమానం.

నలభయ్యోవాడు పడగానే చెన్నుభట్టు లేచి "మళ్లీ" అన్నాడు. రాజు మురిసిపోయాడు. నలభైమందీ లేచారు, నలభైమందీ పడ్డారు. భట్టు ఇంకోసారి "మళ్లీ" అన్నాడు. ఊరుకుంటే రాజుగారికి కోపమొస్తుందేమోనని ఈసారి సభంతా గొంతు కలిపింది. నాలుగో విడతకి కిరీటం చెవి మీదికి జారింది. పదిహేడోవాడి దగ్గర రాజు చతికిలబడ్డాడు.

"ఈ పోరు ఇంత పొడుగు రాసిన వెధవ ఎవడ్రా?"



"వెధవ అన్న మాట తమరిది ప్రభూ," అన్నాడు చెన్నుభట్టు. "పొడుగన్న మాట మాత్రం రెండేళ్ల కిందట నేనే అన్నాను."

 రాజు అంటించిన మీసం ఊడి ఒళ్లో పడేదాకా నవ్వాడు. ఇకమీద నలుగురితో సరిపెడతానని మాటిచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

"నా పక్క పీట రెండేళ్లుగా ఖాళీ. ఎవరినైనా కూర్చోమనండి," అన్నాడు భట్టు.

రాజు సభకేసి చూశాడు. భయంతో ఒక్కరూ కదల్లేదు. పోరులో తిప్పిన గద అక్కడే వదిలి, ఆయనే దిగివచ్చి ఆ పీట మీద కూర్చున్నాడు. మిగతా నాటకం ఇంకెవరో ఆడారు. ఒక పద్యం దగ్గర రాజు తలతిప్పి, "ఇది బాగుంది కదూ?" అన్నాడు.

"ఇది బాగుంది ప్రభూ," అన్నాడు చెన్నుభట్టు.