పిలిచి వదిలేసిన పాట

దేవసహాయం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. శ్రుతి ఎందుకు నిలవడం లేదని అడిగినవాణ్ణి కిటికీ మూసి రమ్మంటారు. నాకు పాట అబ్బుతుందా అని అడిగినవాణ్ణి కొన్నాళ్ళు నోరు మూసుకుని వినమంటారు. విశాఖపట్నం జ్ఞానాపురంలో, చర్చి వెనక సందులో ఆయన ఇల్లు. పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాలు వెలిగిన రోజుల్లో గిటారు వాయించి, ఆ రోజులు పోయాక నేర్పుకుంటూ ఉండిపోయిన మనిషి. ఆయన శిష్యుల్లో చాలామంది చర్చిలోనో, సినిమా పాటల దగ్గరో స్థిరపడ్డారు. దమయంతి మాత్రం తన పాటలు తానే కట్టుకుని, 'ఉప్పుగాలి' అని ఒక రాక్ బ్యాండు పెట్టుకుంది. వెనక కంపెనీ లేదు, సినిమా లేదు. బ్యాండులో అందరూ ఆమెను 'దమ్ము' అంటారు. ఆ పేరు ఆమెకు తగినదే, ఆ వారం తప్ప.

ఆ వారం ఆమె మాస్టారింటికి వచ్చేసరికి కళ్ళు వాచి ఉన్నాయి. గిటారు భుజం మీంచి దింపలేదు. ఫోను మాత్రం చేతిలో ఉంది.

"మాస్టారూ, ఒకటి అడుగుతాను, పని చెప్పకండి. ఎవరి మాట వినాలి?"

ఉప్పుగాలి రెండో ఆల్బమ్ బయటికొచ్చి కొద్ది రోజులైంది. మొదటి ఆల్బమ్‌లో 'లూనా' అనే పాట ఉండేది. పాత లూనా బండి మీద ముగ్గురు స్నేహితులు భీమిలి దాకా పోయే పాట. కాలేజీల్లో అది పాడని వార్షికోత్సవం లేదు. రెండో ఆల్బమ్‌లో అలాంటి పాట ఒక్కటీ లేదు. దాంతో విన్నవాళ్ళు తలా ఒక మాట అన్నారు. దమయంతి ఆ మాటలన్నీ ఆయనకు చదివి వినిపించింది.

"హుషారంతా ఏ గంగలో కలిసింది?" అని ఒకరు. "పాటలు బాగా లోతుగా ఉన్నాయి, ఎంత లోతంటే నాకు వినపడలేదు" అని ఒకరు. డ్రమ్స్ చెవులు పగలగొడుతున్నాయని ఒకరంటే, డ్రమ్స్‌లో పస లేదని ఇంకొకరు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని ఒక పెద్దాయన. తెలుగు రాక్‌కు ఇదొక మైలురాయి, ఇక ముందు అందరూ దీన్నుంచే లెక్కపెడతారని ప్రణీత్ అనే అతను. అందరికంటే ఘాటుగా రాసింది మాత్రం 'చెవులపిల్లి' అని పేరు పెట్టుకున్న ఒక అజ్ఞాతవ్యక్తి. ఆల్బమ్ మొత్తాన్ని ఉతికి ఆరేసి, 'రేకులు' అనే పాట దగ్గర ఆగి ఇలా ముగించాడు: "పిలవడం చేతకానివాళ్ళు పాట ఎందుకు కట్టాలి?"

ఆ మాట దమయంతి రెండుసార్లు చదివింది. ఎందుకంటే 'రేకులు' ఆమె ఇంటి పాట. ఆమె చిన్నప్పుడు తుఫానుకి వాళ్ళ ఇంటి రేకుల పైకప్పు ఎగిరిపోయింది. తెల్లవారాక వాళ్ళమ్మ కప్పులేని ఇంట్లో నిలబడి, గోడలవతలి వాళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది, ఎవరు బతికున్నారో తెలుసుకోవడానికి. ఆ పిలుపు మీదే ఆ పాట కట్టింది.

"శనివారం బీచ్‌లో మా ప్రోగ్రాము ఉంది కదా. 'రేకులు' తీసేసి, పాత ఆల్బమ్‌లోవే పాడదామంటున్నారు మావాళ్ళు. నేనూ సరే అన్నాను. బంగార్రాజు మాత్రం అడ్డం తిరిగాడు. లూనా కొట్టడానికైతే ఇంకొకణ్ణి చూసుకోండి, నేను రానని లేచిపోయాడు." బంగార్రాజు బ్యాండులో డ్రమ్మరు, చిన్నప్పటి నుంచీ ఆమె పక్కింటివాడు. అతను లేని ఉప్పుగాలిని దమయంతి ఊహించుకోలేదు. "చెప్పండి మాస్టారూ. మెచ్చుకున్నవాళ్ళ మాట నమ్మనా, తిట్టినవాళ్ళ మాట నమ్మనా?"

 "అందరికంటే ఎక్కువ పొగిడిందెవరు?" అన్నారు మాస్టారు.

"ప్రణీత్ అని, మధురవాడలో ఉంటాడు."

"ఎక్కువ తిట్టింది ఆ చెవులపిల్లి. సరే. ఇద్దరినీ కాఫీకి పిలు. గురువారం సాయంత్రం."

"మాస్టారూ, నేను పని చెప్పొద్దన్నాను!"

"పనెక్కడమ్మా? కాఫీ అన్నాను."

తనను నలుగురిలో కడిగేసిన మనిషిని తానే బతిమాలి ఇంటికి పిలవడమంటే దమయంతికి ప్రాణం మీదికొచ్చినట్టయింది. అయినా ఆయన మాట జవదాటి ఎరగదు. ఇద్దరికీ రాసింది. ప్రణీత్ క్షణంలో వస్తానన్నాడు. చెవులపిల్లి నుంచి మర్నాటి దాకా ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఒకే ముక్క వచ్చింది: "వస్తాను. కానీ నా అభిప్రాయం మారదు."

గురువారం ప్రణీత్ ముందే వచ్చాడు. నవ్వుముఖం కుర్రాడు, వస్తూనే దమయంతితో ఫోటో దిగాడు. చెవులపిల్లి అంటే కాలేజీ ఎగ్గొట్టి తిరిగే పోకిరీ ఎవడో అనుకుంది దమయంతి. తీరా చూస్తే నలభై దాటిన మనిషి, బక్కపల్చగా, భుజానికి సంచీ వేసుకుని గుమ్మం బయటే చెప్పులు విప్పుకుంటున్నాడు. పేరు నాగభూషణం. అనకాపల్లిలో కెమిస్ట్రీ లెక్చరరు. లోపలికొచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

మాస్టారు ముందు ప్రణీత్ వైపు తిరిగారు. "బాబూ, మా అమ్మాయి పాటలు మీకు బాగా నచ్చాయట. వాటిలో ఒకటి, గుర్తున్నంత వరకు, పాడండి వింటాను."

ప్రణీత్ సంతోషంగా గొంతు సవరించుకున్నాడు. కొంచెం ఆలోచించాడు. ఇంకొంచెం ఆలోచించాడు. చివరికి లూనా పల్లవి అందుకుని, సగంలో తనకే అనుమానం వచ్చి ఆగిపోయాడు. "ఇది పాతదాంట్లోది కదండీ? కొత్తది కార్లో పెట్టుకుని విన్నానండి. మొత్తం వైబ్ చాలా బాగుంది." అతని నవ్వులో కల్మషం లేదు. మాస్టారు కూడా నవ్వి, "ఇంకో అర గ్లాసు కాఫీ ఇవ్వమ్మా బాబుకి" అన్నారు.

తర్వాత నాగభూషణం వైపు తిరిగారు.

"నాకు పాట రాదండీ" అన్నాడు నాగభూషణం ఆయన అడగకముందే. "నేను పాడను."

"పాడొద్దు. తప్పు ఎక్కడుందో చూపించండి చాలు."

ఆ మాటకు ఆయనలో లెక్చరరు నిద్రలేచాడు. గ్లాసు కిందపెట్టాడు. "చూడండి, మొదటి చరణంలో 'రేకులు లేచిపోయాయి, ఆకాశం ఇంట్లోకి దిగింది' అన్నచోట గిటారు తగ్గుతుంది. అక్కడ తగ్గాలి, బాగుంది. కాదనను. తర్వాత డ్రమ్ము నడక మారుతుంది..." అని, మారే తీరు వేళ్ళతో కుర్చీ చేతి మీద కొట్టి చూపించాడు. కొడుతూ కొడుతూ మాట రాగంలోకి జారింది. శ్రుతి అటూ ఇటూ పోతున్నా మాట ఒక్కటీ పోలేదు. దమయంతి ఊపిరి తీసుకున్న చోటే ఆయనా తీసుకున్నాడు. ఆమె ఎక్కడ పదాన్ని పట్టి లాగిందో అక్కడే లాగాడు. దమయంతి చేతులు ఎప్పుడు గిటారు మీదికి వెళ్ళాయో ఆమెకే తెలీదు. ఆమె వాయిస్తోంది, ఆయన పాడుతున్నాడు. చిట్టచివరికి వచ్చి, కళ్ళు మూసుకుని, "ఉన్నావా?" అని పిలిచి, ఆయన ఆగిపోయాడు.

దమయంతి వేళ్ళు తీగల మీదే ఆగాయి.

"తర్వాత?" అన్నారు మాస్టారు.

"తర్వాత ఏమీ లేదండి. అదే నా గొడవ." నాగభూషణం కళ్ళు తెరిచి, మొదటిసారి దమయంతి ముఖంలోకి సూటిగా చూశాడు. "నీరసంగా ఒక్కసారి 'ఉన్నావా' అంటారు, సౌండు తగ్గించుకుంటూ వెళ్ళిపోతారు. ఎవరు పలికారు? ఎవరూ పలక్కపోతే మళ్ళీ ఎందుకు పిలవలేదు? ఆ తుఫానులో నేనూ ఉన్నానమ్మా. విన్న ప్రతిసారీ ఇప్పుడైనా ఇంకోసారి పిలుస్తారేమోనని కాచుక్కూర్చుంటాను. పిలవరు. పిలిచి వదిలేస్తే ఎలాగండీ? కోపం రాదా?"

దమయంతి తల దించుకుంది. ఆ పాటకు ఇంకా ముగింపు ఉంది. హైదరాబాద్‌లో రికార్డింగుకి వెళ్ళినప్పుడు గుండెలు పగిలేలా పాడింది కూడా. వాళ్ళమ్మ పిలిచినట్టే, మళ్ళీ మళ్ళీ, స్థాయి పెంచుకుంటూ. కానీ అక్కడ విన్న స్నేహితులు ముఖాలు చిట్లించారు. "అరుపులా ఉంది దమ్మూ, ఇప్పుడు అందరూ మెత్తగా పాడుతున్నారు" అన్నారు. ఆమె బెదిరింది. ఆ భాగమంతా కోయించేసింది. బంగార్రాజు అలక అసలు ఆరోజే మొదలైంది. కోసిన సంగతి బ్యాండులో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. వినని ముగింపు కోసం ఈ మనిషి అనకాపల్లిలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

అతిథులు వెళ్ళిపోయాక ఆమె అడిగింది. "అయితే తిట్టినవాళ్ళ మాటే వినమంటారా మాస్టారూ?"

"తీగలు మార్చుకో" అన్నారు మాస్టారు. "గట్టిగా వాయించాల్సి వస్తే ఇవి తెగుతాయి."

ఆ సాయంత్రమే ఆమె బంగార్రాజు ఇంటికి వెళ్ళింది. "ఏటే దమ్మూ, ఇంకొకడు దొరకలేదా?" అన్నాడతను తలుపు సగమే తెరిచి.

"కోసేసింది పాడతాను. మొత్తం. నువ్వు లేకపోతే పాడలేను."

బంగార్రాజు తలుపు పూర్తిగా తెరిచాడు. లోపలికెళ్ళి డ్రమ్ము కర్రలు తెచ్చుకున్నాడు.

శనివారం బీచ్‌లో జనం బాగా వచ్చారు. సూర్యుడు ఇంకా కొండ వెనక్కి పోలేదు, సముద్రం మీద వెలుగు ఉంది. కానీ వచ్చినవాళ్ళు దేనికొచ్చారో మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. "లూనా! లూనా!" అని కేకలు. కొత్త పాటలకు చప్పట్లు మర్యాదకు కొట్టినట్టున్నాయి. రానురాను వెనకవైపు వాళ్ళు ఐస్‌క్రీమ్ బండ్ల దగ్గరికి జారుకోవడం వేదిక మీంచి కనిపిస్తూనే ఉంది. మాస్టారు కింద, వేదిక పక్క కర్టెను దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. దమయంతి ఒకసారి ఆయన వైపు చూసింది. ఆయన సముద్రం వైపు చూస్తున్నారు.

ఆమె 'రేకులు' మొదలుపెట్టింది. చరణాలు గడిచాయి. గాలి విసురుకి మైకు బుసకొట్టింది. చివరి పిలుపు వచ్చింది.

"ఉన్నావా?"

రికార్డులో పాట అక్కడితో అయిపోతుంది. తెలిసినవాళ్ళు ఒకరిద్దరు చప్పట్లకు చేతులెత్తారు. బంగార్రాజు కర్ర ఆగలేదు. దమయంతి మైకు దగ్గరికి ఇంకా జరిగి, స్థాయి పెంచి, మళ్ళీ పిలిచింది.

"ఉన్నావా?"

జవాబు లేదు. అలల చప్పుడు. అరుపులా ఉందన్న మాట ఆమె చెవిలో మెదిలింది.  వెనకనుంచి డ్రమ్ము ఒక్క దెబ్బ గట్టిగా పడింది, పాడు అన్నట్టు. ఆమె కళ్ళు మూసుకుంది. కప్పులేని ఇంట్లో నిలబడ్డ అమ్మను తలుచుకుంది. ఉన్న గొంతంతా పెట్టి మూడోసారి పిలిచింది.

"ఉన్నావా?"

జనం మధ్యలోంచి ఒక గొంతు లేచింది. శ్రుతి లేదు, తాళం లేదు. "ఉన్నా!" అని బక్కపల్చని మనిషి ఒకడు సంచీతో సహా రెండు చేతులూ పైకెత్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కానీ ఆమె తర్వాతి పిలుపుకి ఆ నవ్విన వాళ్ళలోనే పదిమంది పలికారు. ఆ పైసారి ఆ వైపు మొత్తం పలికింది. తుఫాను చూసిన ఊరు అది. ఆ పిలుపు ఎవరికీ కొత్త కాదు. పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్ళు పలికారు, పోలీసు కానిస్టేబులు లాఠీ చంకన పెట్టుకుని పలికాడు, ఐస్‌క్రీమ్ చేతిలో కారుతుండగా వెనక్కి పరిగెత్తుకొచ్చినవాళ్ళు పలికారు. "ఉన్నావా?" అంటే "ఉన్నా!" అని బీచ్ బీచంతా ఒక్క గొంతై లేచింది. బంగార్రాజు డ్రమ్ములు వాయిస్తూనే వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. దమయంతి ఎంతసేపు పిలిచిందో ఆమెకు తెలియదు. తాను ఆపినా ఊరు ఆపలేదు. లూనా కావాలని ఆ తర్వాత ఒక్కరూ అడగలేదు.

పాట అయ్యాక ఆమె వేదిక దిగి వచ్చి, మాస్టారి కుర్చీ పక్కన ఇసకలో కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. వచ్చేపోయేవాళ్ళు అద్భుతం అంటున్నారు, చేతులు పట్టుకుని ఊపుతున్నారు. ఆ జనాన్ని తోసుకుంటూ నాగభూషణం వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. ఆమె ఎదుట నిలబడి వేలు చూపించాడు. ఏదో చెప్పబోయాడు. గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"రెండో చరణం..." అన్నాడు, వినీవినపడని బొంగురు గొంతుతో. "రెండో చరణంలో... తొందరపడ్డారు."

దమయంతి పకాలున నవ్వేసింది. ఆ వారంలో ఆమె నవ్వడం అదే మొదలు. "మాస్టారూ, చూశారా? ఈయన్ని ఏం చెయ్యమంటారు?"

మాస్టారు నాగభూషణం ముఖంలోకి ఒక క్షణం చూశారు.

"ముందు మంచినీళ్ళివ్వమ్మా" అన్నారు. "పాపం, ఆయన గొంతు పోయింది."